వడదెబ్బకు కులం లేదా?
విపత్తు పరిశోధన ప్రణాళికలను జైనూర్ నుంచి చదివితే

తుఫాను వచ్చినా, వరద వచ్చినా, ఎండలు మండినా మన పత్రికలు మొదట రాసే మాట 'ప్రకృతి ప్రకోపం'. రెండో మాట 'ప్రకృతికి పేదా గొప్పా తేడా లేదు' అని. మొదటి మాట సగం నిజం. రెండోది పూర్తి అబద్ధం. వడదెబ్బతో చచ్చినవాళ్లలో ఏసీ గదిలో కూర్చున్నవాడు ఎంతమంది? పిడుగు పడి చచ్చినవాళ్లలో చేను గట్టు మీద నిలబడి కూలీలను అదిలించేవాడు ఎంతమంది, వంగి పత్తి గింజలు పెట్టేవాళ్లు ఎంతమంది? ఈ ప్రశ్నలకు జవాబు అందరికీ తెలుసు. ఏ లెక్కల పుస్తకంలోనూ మాత్రం దొరకదు. తెలిసిన సంగతి లెక్కల్లోకి ఎందుకు రాదు? దీనికి, శాస్త్రీయ పరిశోధనను ఎవరు ప్లాన్ చేస్తారన్న దానికి ఉన్న సంబంధం గురించే ఈ వ్యాసం.

వెనుకబడిన దేశాల్లో విపత్తుల ముప్పు తగ్గించడానికి పరిశోధన ఎట్లా జరగాలి అని అంతర్జాతీయ సంస్థలు ముప్పై ఏళ్లకు పైగా పత్రాలు రాస్తున్నాయి. ఐక్యరాజ్యసమితి 1990-99ని ప్రకృతి విపత్తుల తగ్గింపు దశాబ్దంగా ప్రకటించింది. 1994లో యొకొహామా, 2005లో హ్యోగో, 2015లో సెండాయ్. మధ్యలో 2008లో అంతర్జాతీయ విజ్ఞానశాస్త్ర మండలి 'విపత్తు ముప్పుపై సమగ్ర పరిశోధన' పేరుతో ఒక ప్రణాళిక తెచ్చింది. దాని కార్యాలయం బీజింగ్‌లో పెట్టారు. మేము ఈ పత్రాలను జెనీవా నుంచో ఢిల్లీ నుంచో కాక జైనూర్ నుంచి చదవాలనుకున్నాం. ఒకప్పటి ఆదిలాబాద్ జిల్లా, ఇప్పటి కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోని ఈ ఏజెన్సీ మండలం ఏ విపత్తు పటంలోనూ పెద్ద అక్షరాలతో కనబడదు. ఇక్కడికి సముద్రం రాదు, సునామీ రాదు. వచ్చేవి ఎండ, పిడుగు, వానలు మొహం చాటేయడం, వానలు పడ్డాక జ్వరాలు. ఇవన్నీ ఏటా వచ్చేవే. ఏటా వచ్చేదాన్ని విపత్తు అనరు, బతుకు అంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది.

ప్రణాళిక చెప్పిన మంచి మాట

న్యాయంగా మాట్లాడాలంటే ముందు ఒకటి ఒప్పుకోవాలి. 2008 నాటి ప్రణాళిక మొండి శాస్త్రవేత్తలు రాసింది కాదు. విపత్తుల గురించి ఇంత జ్ఞానం పెరిగినా నష్టాలు ఎందుకు తగ్గడం లేదు అని అది తనను తానే ప్రశ్నించుకుంది. భూకంప శాస్త్రం, వాతావరణ శాస్త్రం ఒక్కటే చాలవు, సమాజ శాస్త్రం, ఆరోగ్య శాస్త్రం కలవాలి అంది. హత్య కేసులో నేరపరిశోధన చేసినట్టు ఒక్కో విపత్తు మూలకారణాలు తవ్వాలని ఒక పథకమూ పెట్టింది. ఈ ఆలోచనకు వెనక చరిత్ర ఉంది. విపత్తుల్లోంచి 'ప్రకృతి' అనే మాటను తీసేయాలని 1976లోనే ఓకీఫ్, వెస్ట్‌గేట్, విజ్నర్ 'నేచర్' పత్రికలో వాదించారు. కరువులో జనం చచ్చేది తిండి లేక కాదు, తిండి మీద హక్కు లేక అని 1981లో అమర్త్య సేన్ చూపించాడు.

మేము సైన్సుకు వ్యతిరేకులం కాము. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు వేలమంది చనిపోయారు. దాదాపు పదివేలని సర్కారు లెక్క. 1990 మేలో మళ్లీ అదే తీరాన్ని పెద్ద తుఫాను కొట్టినప్పుడు చనిపోయినవాళ్లు వెయ్యి లోపే. ముందే హెచ్చరిక అందింది, లక్షలమందిని తరలించారు. సైన్సు ఒక పేద తల్లి బిడ్డను కాపాడితే దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు.

అయితే అదే రాష్ట్రంలో 2003 వేసవిలో వడగాడ్పులకు మూడు వేలమందికి పైగా చనిపోయారు. తుఫానుకు పోయినవాళ్లకు మూడు రెట్లు. 2015లో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి రెండు వేలకు పైగా పోయారు. తుఫానుకు రాడార్లున్నాయి, షెల్టర్లున్నాయి, సైరన్లున్నాయి. ఎండకు ఏమున్నాయి? మజ్జిగ పాకెట్లు, గొడుగు పట్టుకొని పొమ్మనే ప్రకటనలు. 2015 నాటికి కేంద్రం నోటిఫై చేసిన పన్నెండు విపత్తుల జాబితాలో చలిగాలి ఉంది, మంచు చరియ ఉంది. వడగాడ్పు లేదు, పిడుగు లేదు. ఏ చావు విపత్తో ఏది కాదో ముందే నిర్ణయమైపోయింది. పరిశోధన నిధులు ఆ దారినే నడిచాయి. తుఫాను ఓడరేవును, రొయ్యల చెరువును, ఫ్యాక్టరీని కూడా కొడుతుంది. ఎండ కైకిలి మనిషిని మాత్రమే కొడుతుంది.

థర్మామీటరు ఎక్కడ నిలబడింది?

వాతావరణ శాఖ లెక్క చూద్దాం. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 డిగ్రీలు దాటి, మామూలు కంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వడగాడ్పు. లేదా ఏకంగా 45 డిగ్రీలు చేరాలి. ఆదిలాబాద్ ప్రాంతంలో మే నెల మామూలే 42 డిగ్రీల చుట్టూ ఉంటుంది. అంటే 44 డిగ్రీల రోజు ఇక్కడ లెక్కప్రకారం వడగాడ్పు కాదు. 'వాళ్లకు అలవాటే' అని అధికారి నోటితో అంటాడు, సూత్రం అంకెలతో అంటుంది. ఈ సూత్రాన్ని ఎవరో కుట్రపన్ని రాశారని మేము అనడం లేదు. సగటు నుంచి ఎంత తేడా అని కొలిచే పద్ధతికి శాస్త్రంలో అర్థముంది. కానీ ఏటా బాధపడేవాడి బాధ సగటులో కలిసిపోయి మామూలైపోతుంది. మనుధర్మానికి కూడా అంటరానితనం మామూలే గదా!

ఇంకొకటి. వాతావరణ కేంద్రంలో థర్మామీటరు తెల్లరంగు వేసిన గాలాడే పెట్టెలో, నీడలో ఉంటుంది. అది కొలిచేది నీడలోని గాలిని. జైనూర్ చుట్టూ అడవిలో ఏప్రిల్, మే నెలల్లో తునికాకు తెంపే మనిషి నీడలో ఉండదు. తెల్లారకముందే అడవికి పోయి, ఆకు తెంపి, మోసుకొచ్చి, కట్టలు కట్టి, కల్లంలో ఎండబోయాలి. కూలి కట్టల లెక్కన ఇస్తారు. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు దాకా బయటికి రావొద్దని చెప్పే ప్రణాళిక ఈ మనిషికి చెప్పేదేమిటి? కట్టలు తక్కువ కట్టు, కూలి తక్కువ తీసుకో అనే గదా. ఆ మూడు గంటల కూలి ఎవరిస్తారు అన్నది పరిశోధన ప్రశ్న కాకుండా, ఎన్ని డిగ్రీలకు ఎర్ర రంగు హెచ్చరిక ఇవ్వాలి అన్నదే పరిశోధన ప్రశ్న అయితే ఆ శాస్త్రం ఎవరి పక్కన నిలబడ్డట్టు?

రాత్రి సంగతి కూడా చూడాలి. ఒంట్లో చేరిన వేడి రాత్రికి దిగకపోతే మరునాటి ఎండ తట్టుకోలేం. రేకుల ఇంట్లో, గాలి ఆడని ఒక్క గదిలో, నలుగురైదుగురు పడుకునే చోట రాత్రి ఉష్ణోగ్రత ఎంత? మండల కేంద్రంలో పెట్టిన యంత్రం దీన్ని కొలవదు. ఎక్కడ పడుకుంటావన్నదీ ఏ బోరింగు దగ్గర ఎవరి తర్వాత నీళ్లు పట్టుకుంటావన్నదీ వాతావరణం నిర్ణయించేవి కావు. 1927లో మహద్ చెరువు దగ్గర అంబేడ్కర్ ఎత్తిన ప్రశ్న ఎండాకాలంలో చావుబతుకుల ప్రశ్నే. అది విపత్తు శాస్త్రంలోకి రాలేదు. సామాజిక సమస్య అని పక్కన పెట్టారు.

చచ్చినోళ్ల లెక్క

వడదెబ్బతో చచ్చినట్టు సర్కారు నమ్మాలంటే తహసీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి నిర్ధారించాలి. పోస్టుమార్టం కావాలి. గూడెంలో మధ్యాహ్నం పోయిన మనిషిని సాయంత్రానికి మట్టి చేస్తారు. శవాన్ని దవాఖానకు మోసేందుకు బండి లేదు, తోవ లేదు, ఇంటోళ్లకు ఓపిక లేదు. ఆ చావు జ్వరం ఖాతాలోనో, ముసలితనం ఖాతాలోనో పడుతుంది, లేకపోతే ఎక్కడా పడదు. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా గుర్తించి, పరిహారాన్ని యాభై వేల నుంచి నాలుగు లక్షలకు పెంచింది. మంచిదే. కానీ పరిహారం పెరిగిన కొద్దీ రుజువులు అడగడమూ పెరుగుతుంది. రుజువు తేలేని ఇల్లే ఎక్కువగా చావును చూసే ఇల్లు.

చావును లెక్కపెట్టడానికి వేరే దారి లేదా? ఉంది. 2010 మేలో అహ్మదాబాద్‌లో వచ్చిన వడగాడ్పుల మీద పరిశోధకులు ఒక్కో శవానికి సర్టిఫికెట్ అడగలేదు. ఆ నెల మొత్తం చావులను అంతకుముందు సంవత్సరాల చావులతో పోల్చారు. 1,344 చావులు అదనంగా తేలాయి. ఆ అంకె వల్లనే 2013లో దేశంలో మొదటి ఎండ కార్యాచరణ ప్రణాళిక అక్కడ వచ్చింది. ఒక సరైన లెక్క నగరపాలకులను కదిలించింది. ఇదే లెక్క జైనూర్, కెరమెరి, సిర్పూర్(యు), నార్నూర్ మండలాల్లో చేయాలంటే ముందు చావులు రిజిస్టరు కావాలి. కాని చోట ఇంటింటికీ పోయి ఎవరు పోయారు, ఎట్లా పోయారు, ఆ రోజు ఏం పని చేశారు అని అడిగి రాసుకోవాలి. దీనికి ఉపగ్రహం అక్కరలేదు. వాళ్ల భాష తెలిసిన మనిషి, నోటుబుక్కు, ఓపిక కావాలి.

మరి ఆ నోటుబుక్కులో కులం గడి ఉంటుందా? సెండాయ్ పత్రం సమాచారాన్ని స్త్రీ పురుష భేదం, వయసు, వైకల్యం ప్రకారం విడదీసి చూడమంది. కులం మాట లేదు. మన దేశంలో ఏటా ప్రమాద మరణాలు లెక్కించే జాతీయ నేర రికార్డుల సంస్థ వడదెబ్బ చావులనూ పిడుగు చావులనూ వయసు ప్రకారం, ఆడామగా ప్రకారం చూపిస్తుంది. కులం ప్రకారం చూపించదు. 2005 విపత్తు నిర్వహణ చట్టం 61వ సెక్షన్ సహాయంలో కులవివక్ష ఉండరాదంది. ఎందుకు రాసుకోవలసి వచ్చిందో వేరే చెప్పాలా? 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో సహాయం దగ్గర, శిబిరాల దగ్గర దళితులను వేరుపెట్టిన సంగతి హక్కుల సంఘాలు రాసి పెట్టాయి. లెక్కించకుండా వివక్ష లేదనడం కళ్లు మూసుకొని పాలుతాగే పిల్లి వ్యవహారం.

చచ్చినవాళ్ల లెక్క మీద తగాదా ఈ గుట్టలకు కొత్త కాదు. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయింది పదముగ్గురు అని సర్కారు చెప్పింది. ఎన్నో రెట్లు ఎక్కువని హక్కుల సంఘాలు చెప్పాయి. తుపాకీ చావుకే లెక్క తేలని చోట ఎండ చావుకు ఎవరు తేలుస్తారు?

పిడుగు, పట్టా

2025 జూన్‌లో ఆదిలాబాద్ జిల్లాలో ఒకే రోజు పిడుగులకు ఆరుగురు పోయారు. వాళ్లలో నలుగురు జైనూర్‌కు దగ్గరి గాదిగూడ మండలం పిప్రిలో చేలల్లో పని చేస్తున్నవాళ్లు. తొలకరి పడగానే విత్తనం పెట్టాలి, ఆగితే అదను పోతుంది. పిడుగులు ఎక్కువ పడే రోజులూ అవే. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ 'దామిని' అనే యాప్ చేసింది. ఫోను ఉన్న చోటుకు చుట్టుపక్కల పిడుగు పడే అవకాశముంటే చెబుతుంది. పనికొచ్చే వస్తువే. అయితే స్మార్ట్‌ఫోన్ ఉండాలి, సిగ్నల్ ఉండాలి, హెచ్చరిక వచ్చాక పరుగెత్తి చేరేందుకు పక్కా ఇల్లు ఉండాలి, పని ఆపితే కూలి కోయని ఆసామి ఉండాలి. ఈ నాలుగింటిలో శాస్త్రవేత్తలు చూసుకున్నది యాప్‌ను. మిగతా వాటి మీద పరిశోధన ఎవరి పని?

చచ్చాక ఏమవుతుందో కూడా చూద్దాం. 2018లో వచ్చిన రైతుబీమా కింద పట్టా ఉన్న రైతు ఏ కారణంతో చనిపోయినా ఆ ఇంటికి ఐదు లక్షలు వస్తాయి. అదే చేనులో, అదే పిడుగుకు పోయిన కూలీకి ఆ పథకంలో పైసా రాదు. పిడుగు ఒకటే, చేను ఒకటే, చావు ఒకటే. తేడా కాగితంలో ఉంది. కరువు వచ్చినప్పుడు ఇచ్చే పెట్టుబడి రాయితీ కూడా పంట పోయినవాడికే. పని పోయినవాడికి కాదు.

ఇక్కడ ఒక సున్నితమైన సంగతి మాట్లాడక తప్పదు. జైనూర్ షెడ్యూల్డ్ ప్రాంతం. 1959 భూ బదలాయింపు నిబంధనలను 1970లో సవరించిన 1/70 ప్రకారం ఇక్కడ గిరిజనేతరుల చేతికి భూమి పోకూడదు. గోండు, కోలాం, పర్ధాన్, తోటి జనాలకు ఉన్న ఒకే ఒక్క రక్షణ అది. దాన్ని మేము వేలు పెట్టి కదిలించనివ్వం. దళితుల భుజం మీద తుపాకీ పెట్టి 1/70ని కాల్చాలని చూసే షావుకార్లతో మాకు పొత్తు లేదు. కానీ తరాలుగా ఈ గుట్టల మధ్య బతుకుతున్న మాంగ్, మహర్ కుటుంబాలకు పట్టా రాదు కాబట్టి పట్టాకు ముడిపెట్టిన ఏ సహాయమూ రాదు. దీనికి పరిష్కారం ఆదివాసి భూమిలో లేదు. సహాయాన్ని పట్టా నుంచి విడదీసి, పనికీ ప్రాణానికీ ముడిపెట్టడంలో ఉంది. ఈ సంగతి ఏ విపత్తు నమూనా కనిపెడుతుంది? పటం మీద ఈ మండలం అంతా ఒకే రంగు. ఒకే రంగు కింద గోండు పటేల్ ఇల్లుంది, కోలాం గూడ ఉంది, ఊరికి ఎడంగా మాంగ్ వాడ ఉంది, బజారులో షావుకారి మేడ ఉంది.

ఈ పత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు 'దుర్బలత' అనే మాట వాడుతున్నారు. మనకు ఈ మాట కొత్త కాదు. 'బలహీన వర్గాలు' అని సర్కారు ఎప్పటి నుంచో పిలుస్తున్నదే. బలహీనత మన ఒంట్లో పుట్టిన జబ్బులాగ, ఎవరూ చేయనట్టు ఈ మాట చెబుతుంది. బలహీనపరిచినవాళ్లు ఎవరు అని అడగనంతకాలం దుర్బలత మీద ఎన్ని సూచికలు తయారుచేసినా అవి బాధితుడి కొలతలే. నేరస్తుడి కొలతలు కావు.

మార్లవాయి చెప్పిన పాఠం

పరిశోధనకు ప్లాను ఎట్లా వేయాలో జైనూర్ మండలానికి ఒకరు నేర్పనక్కరలేదు. 1940లో జోడేఘాట్‌లో కుమురం భీం, అతని సహచరులు ప్రాణాలిచ్చాక నిజాం ప్రభుత్వం హైమెండార్ఫ్‌ను పంపింది. ఆయన, ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్ ఈ మండలంలోని మార్లవాయిలో ఉన్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైంది, గోండి వాచకాలు వచ్చాయి. ఆయన సర్కారుకు ఇచ్చిన నివేదికల్లో గోండుల దరిద్రానికి కారణం గోండుల్లో వెతకలేదు, చేజారిన భూమిలో వెతికాడు. బెట్టీ సమాధి మార్లవాయిలోనే ఉంది.

మేము హైమెండార్ఫ్‌కు హారతి పట్టడం లేదు. ఆ పరిశోధనకు నిధులిచ్చింది రాజు, ఆ రాజుకు భయం పుట్టించింది తిరుగుబాటు. జోడేఘాట్ లేకుంటే మార్లవాయి లేదు. విషయాలు చెప్పిన గోండు పెద్దలకు పుస్తకం అట్ట మీద చోటు లేదు. అయినా ఆ పనిలో రెండు మంచి సంగతులున్నాయి. ఒకటి, వచ్చినాయన ఊళ్లో బతికాడు. రెండు, తెలుసుకున్నది ఆ జనం భాషలో బడిగా తిరిగి వచ్చింది. మూడేళ్ల ప్రాజెక్టుతో వచ్చి ప్రశ్నపత్రం నింపుకొని, ఇంగ్లీషులో వ్యాసం అచ్చేసుకొని పోయే నేటి పరిశోధనను దీని పక్కన పెట్టి చూడండి.

ఇంకో పాఠం అంబేడ్కర్ దగ్గర ఉంది. 1942-46 మధ్య వైస్రాయి కౌన్సిలులో కార్మిక సభ్యుడిగా ఆయన దామోదర్, మహానది వరదల మీద ప్రణాళికలు నడిపాడు. 1945 నవంబర్‌లో కటక్ సమావేశంలో, నీళ్లు ఎక్కువవడం శాపం కాదు, వాటిని జనానికి పనికొచ్చేలా మళ్లించాలి అన్నది ఆయన వాదన. విపత్తు పరిశోధన దళితుడి విషయం కాదనేవాళ్లు దీన్ని చదవాలి. అట్లాగే ఆ తర్వాత కట్టిన డ్యాముల కింద వేలాది ఆదివాసి, దళిత కుటుంబాలు మునిగాయన్న సంగతీ మరవొద్దు. ఈ గుట్టల నీళ్లు చేరే కడెం ప్రాజెక్టునే చూడండి. 1958లో ఒకసారి వరదకు తెగింది. దాని గేట్లు వదలగలిగింది సుమారు మూడు లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలో ఐదు లక్షలకు పైగా వచ్చింది. దిగువ ఊళ్లు రాత్రికి రాత్రి ఖాళీ చేయాల్సి వచ్చింది. అరవై ఏళ్లలో ఎవరు ఏం పరిశోధించినట్టు?

మా తప్పూ ఉంది. దళిత అధ్యయనాలంటే సాహిత్యం, రిజర్వేషన్లు, దాడులు అనుకున్నాం. ఎండను, పిడుగును, వాగును సైన్సువాళ్లకు వదిలేశాం. మన చావులను మనమే 'ప్రకృతి' ఖాతాలో వేశాం.

ఇప్పుడు అడగాల్సింది ఏమిటి? ఒకటి, చావులను ఇంటింటికీ పోయి, కులం గడితో సహా లెక్కించాలి. రెండు, ఉష్ణోగ్రతను పెట్టెలో కాక తునికాకు కల్లంలో, పత్తిచేనులో, రేకుల ఇంట్లో కొలవాలి. మూడు, పని ఆపిన గంటలకు కూలి ఎవరిస్తారన్నది ప్రతి ఎండ ప్రణాళికలో మొదటి ప్రశ్న కావాలి. నాలుగు, సహాయాన్ని పట్టాతో ముడిపెట్టినందువల్ల ఎవరెవరు జారిపోయారో పరిశోధించాలి. ఐదు, ప్రశ్నలు తయారుచేసే చోట మాంగ్, గోండు, కోలాం పిల్లలు కూర్చోవాలి, ఫారాలు నింపే కైకిలోళ్లుగా కాదు, ప్రశ్న అడిగేవాళ్లుగా. ఆరు, తేలిన సంగతి గోండిలో, కోలామిలో, మరాఠీలో, తెలుగులో ఊరి ముందర చదివి వినిపించాకే అచ్చుకు పోవాలి.

వీటిలో దేనికీ కోట్లు అక్కరలేదు. జైనూర్ చుట్టుపక్కల బడుల్లో పాఠాలు చెప్పే టీచర్లు, ఉట్నూరు, ఆసిఫాబాద్ కాలేజీల్లో చదివే విద్యార్థులు, సంఘాల్లో పనిచేసే కార్యకర్తలు వచ్చే వేసవికే మొదలుపెట్టవచ్చు. మార్చి నుంచి జూన్ దాకా మీ ఊళ్లో పోయినవాళ్ల పేరు, వయసు, కులం, ఆ రోజు చేసిన పని, తాగిన నీళ్లు ఎక్కడివి, పట్టా ఉందా లేదా - ఈ ఆరు సంగతులు రాసి పెట్టండి. సర్కారు పుస్తకంలో లేనివాళ్లు కనీసం మన పుస్తకంలో ఉండాలి.